ఐదే కొనాలంటే ఏవి? పంక్ రాక్ రికార్డుల మీద పాఠకుల ప్రశ్నలు

పంక్ రాక్ అంటే 1970ల్లో పుట్టిన వేగమైన, మొరటు రాక్ సంగీతం. ఆ ఆల్బమ్‌లు కొనేవాళ్ళు, కొందామనుకునేవాళ్ళు ప్రశ్నలు పంపండి అని పోయిన నెల అడిగాం. ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

సార్, ఫోన్లో అన్నీ వింటానే ఉండాను. చేత్తో పట్టుకునేట్టు కొనాలంటే మాత్రం నా దగ్గర ఐదింటికే డబ్బులుండాయి. నెట్లో చూస్తే ఒక్కొక్కరూ వంద పేర్లు చెప్తా ఉండారు. యాడ మొదలుపెట్టేది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

పేర్ల జాబితా పక్కన పెట్టి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ బ్యాండ్ మంచి ఆల్బమ్ చేసిందా, మంచి పాటలు చేసిందా? రెండూ ఒకటి కాదు. పంక్ ముందు బతికింది ఏడంగుళాల సింగిల్స్ మీద. అటు ఒక పాట, ఇటు ఒక పాట, అంతే. చాలా బ్యాండ్ల సత్తా అంతా ఆ చిన్న రికార్డుల్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత కంపెనీ తొందరపెడితే చేసిన ఎల్పీలో, అంటే పెద్ద రికార్డులో, సగం పాటలు బలవంతంగా నింపినట్టుంటాయి. అలాంటి బ్యాండ్ దగ్గర ఆల్బమ్ కాకుండా సంకలనం కొనాలి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే ఊపులో కట్టిన ఆల్బమ్ ఉంటే ఆల్బమే కొనాలి. ఈ జల్లెడ పట్టాక మిగిలేవి ఇవి.

మొదటిది రామోన్స్ వాళ్ళ పేరుతోనే 1976లో వచ్చిన మొదటి ఆల్బమ్. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. సుమారు వారం రోజుల్లో, 6,400 డాలర్లకు రికార్డు చేశారు. దీన్ని ఫోన్ స్పీకర్లో వింటే సగం పోగొట్టుకున్నట్టే. బేస్ గిటార్ పూర్తిగా ఎడమ వైపు, గిటార్ పూర్తిగా కుడి వైపు పెట్టి, డ్రమ్స్, గొంతు మధ్యలో ఉంచారు. హెడ్‌ఫోన్లో ఎడమ చెవిది తీసేస్తే బేస్ పోయి, గిటార్ తేటగా వినిపిస్తుంది. గిటార్ నేర్చుకునేవాళ్ళకు ఇంతకు మించిన పాఠం లేదు. గిటార్ వాయించిన జానీ రామోన్ ఎక్కడా పైకి మీటడు, ప్రతి దెబ్బా కిందికే. ఆ వేగంలో రెండు నిమిషాలు అలా వాయించి చూడండి, మణికట్టు లాగేస్తుంది. తీగలు పట్టడం తేలికే, ఆ కుడిచెయ్యి ఆగకుండా ఆడటమే కష్టం.

రెండోది ది క్లాష్ వాళ్ళ ‘లండన్ కాలింగ్’. దాని సంగతి కింది జవాబులో ఉంది.

మూడోది బజ్‌కాక్స్ వాళ్ళ ‘సింగిల్స్ గోయింగ్ స్టెడీ’, 1979. సంకలనం కొనాలని చెప్పింది ఇలాంటి బ్యాండ్ల గురించే. ఎల్పీలో మొదటి వైపు ఎనిమిది సింగిల్స్, రెండో వైపు వాటి వెనక వచ్చిన ఎనిమిది పాటలు, వచ్చిన వరుసలోనే ఉంటాయి. తర్వాత వచ్చిన సీడీల్లో అదనపు పాటలు కలిపారు. అవి చెడ్డవని కాదు, ఆ పదహారు పాటల అమరిక ముందు మిగులు సామానులా కనిపిస్తాయి. ప్రేమలో భంగపడ్డ కుర్రాడి గోడును ఇంత వేగంగా, ఇంత మంచి బాణీతో చెప్పినవాళ్ళు పంక్‌లో ఇంకెవరూ లేరు.

నాలుగోది ఎక్స్-రే స్పెక్స్ వాళ్ళ ‘జర్మ్‌ఫ్రీ అడాలసెంట్స్’, 1978. గిటార్ల గోలలో శాక్సోఫోన్ దూసుకొస్తుంది. పాడిన పాలీ స్టైరీన్ పాటలు ప్లాస్టిక్, ప్రకటనలు, సూపర్‌బజార్ సరుకుల మీద. ఎల్పీ కొంటే ఒక్క విషయం చూసుకోండి. వాళ్ళకు పేరు తెచ్చిన మొదటి సింగిల్ ‘ఓ బాండేజ్, అప్ యువర్స్!’ అసలు ఎల్పీలో లేదు. తర్వాతి సీడీల్లో ఉంది. కాబట్టి దీనికి సీడీయే మేలు.

ఐదోది మైనర్ థ్రెట్ వాళ్ళ ‘కంప్లీట్ డిస్కోగ్రఫీ’. వాషింగ్టన్ కుర్రాళ్ళు 1980ల మొదట్లో చేసిన రికార్డులన్నీ ఒక్క సీడీలో 26 పాటలుగా డిస్‌కార్డ్ సంస్థ 1989లో వేసింది. అన్నీ కలిపినా గంట నిండదు. పంక్ ఇంకా వేగంగా, ఇంకా మొరటుగా తయారై హార్డ్‌కోర్‌గా మారిన మలుపు ఇందులో వినిపిస్తుంది.

సెక్స్ పిస్టల్స్ ఏదని అడుగుతారని తెలుసు. ‘నెవర్ మైండ్ ది బోలక్స్’ గొప్ప రికార్డే. అయితే 12 పాటల్లో నాలుగు అప్పటికే సింగిల్స్‌గా వచ్చినవి, అవి మీ చెవిన ఈపాటికే పడి ఉంటాయి. వాళ్ళ గిటారిస్టు స్టీవ్ జోన్స్ ఒకదానిమీద ఒకటి పేర్చిన గిటార్లతో అది పంక్ కంటే హార్డ్ రాక్‌కు దగ్గర. ఆరోదిగా కొనండి. అదే డబ్బుతో వైర్ వాళ్ళ ‘పింక్ ఫ్లాగ్’ దొరికితే మాత్రం దానికే ఓటు. 1977లో వచ్చింది, 35 నిమిషాల్లో 21 పాటలు. చెప్పాల్సింది అయిపోగానే పాట ఆపేస్తారు. 28 సెకన్ల పాట కూడా ఉంది, అయినా అందులో కొరత ఏమీ కనిపించదు.

ది క్లాష్ మొదటి ఆల్బమ్ ఒకచోట 14 పాటలతో, ఇంకోచోట 15 పాటలతో ఉంది. పాటలు కూడా మారాయి. ఏది అసలుది? ‘లండన్ కాలింగ్’ పాత ఎల్పీ ఒకటి దొరికింది. చివర్లో కవర్ మీద లేని పాట వస్తోంది. డూప్లికేట్ అంటారా?
— చిత్తూరు పాఠకుడు

రెండూ అసలువే. బ్రిటన్లో 1977 ఏప్రిల్లో వచ్చినదానిలో 14 పాటలు. అమెరికా కంపెనీ అప్పుడు దాన్ని విడుదల చెయ్యలేదు. 1979లో చేసినప్పుడు నాలుగు పాటలు తీసేసి, మధ్యకాలంలో వచ్చిన సింగిల్స్ నుంచి ఐదు చేర్చింది. అందుకే 15. ‘వైట్ రయట్’ కూడా వేరే రికార్డింగ్. పాటల లెక్కన చూస్తే అమెరికాదే బలమైనది: ‘కంప్లీట్ కంట్రోల్’, ‘వైట్ మ్యాన్ ఇన్ హామర్‌స్మిత్ పాలే’ రెండూ అందులోనే ఉన్నాయి. ఆల్బమ్‌గా మాత్రం బ్రిటన్‌దే నిలుస్తుంది. అన్నీ ఒకే వేడిలో, ఒకే శబ్దంతో రికార్డు చేసినవి. అమెరికా దానిలో రెండేళ్ళ తేడాతో చేసిన పాటలు పక్కపక్కన పడ్డాయి, గిటార్ శబ్దం పాట పాటకూ మారిపోతుంది. ఒక్కటే కొనేట్టయితే బ్రిటన్‌ది కొని, ఆ సింగిల్స్ విడిగా ఒక సంకలనంలో తీసుకోండి. తేలికైన గుర్తు ఒకటుంది. కవర్ వెనక ‘ఐ ఫాట్ ది లా’ కనిపిస్తే అది అమెరికా కూర్పు. ‘డినై’, ‘చీట్’ కనిపిస్తే బ్రిటన్‌ది.

మీ ‘లండన్ కాలింగ్’ గురించి కంగారొద్దు. ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ చివరి నిమిషంలో చేరింది, అప్పటికి కవర్ పని అయిపోయింది. పాత ముద్రణల్లో పేరు లేకపోవడమే సహజం. ఇది 1979 డిసెంబర్లో బ్రిటన్లో రెండు ఎల్పీలుగా, ఒక్క ఎల్పీ ధరకే వచ్చింది. మొత్తం 19 పాటలు. జమైకా నుంచి వచ్చిన రెగే, స్కా, అమెరికా రాకబిల్లీ, జాజ్ పోకడలు అన్నీ కలిసినా ఎక్కడా అతుకులు కనిపించవు. బేస్ గిటార్‌ను నేలకేసి కొడుతున్న పాల్ సిమనన్ ఫొటో పెన్నీ స్మిత్ తీసింది. గులాబీ, ఆకుపచ్చ అక్షరాల అమరిక ఎల్విస్ ప్రెస్లీ మొదటి ఆల్బమ్ నుంచి కావాలనే తీసుకున్నది.

ఇది నచ్చింది కదా అని వెంటనే వాళ్ళ తర్వాతి ఆల్బమ్ ‘శాండినిస్టా!’ మీద పడకండి. మూడు ఎల్పీలు, 36 పాటలు. అందులో ఒక ఎల్పీకి సరిపడా అద్భుతాలున్నాయి, మిగతా రెండూ వెతుకులాటే.

అమెరికాలో ఉండే మా బావ పాత టర్న్‌టేబుల్ పంపించినాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులకు దించి నడుపుతా ఉండాను. రామోన్స్ పెడితే తాగి పాడినట్టు సాగదీస్తా ఉండారు. బెల్టు పోయిందా?
— పుత్తూరు

బెల్టు కాదు, కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను దించుతుంది గానీ హెర్ట్జ్‌ను, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో దాన్ని, మార్చదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. పాత బెల్టు టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి ఏసీ సింక్రనస్ మోటారు ఉంటుంది. దాని వేగం వోల్టుల మీద కాకుండా హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. 33⅓ తిరగాల్సింది 50/60 లెక్కన నిమిషానికి 27.8 మాత్రమే తిరుగుతుంది. రెండు నిమిషాల పాట 2 నిమిషాల 24 సెకన్లు పడుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలు దాటి కిందికి జారుతుంది. మెల్లని పాటలో కొందరు గుర్తుపట్టకపోవచ్చు, రామోన్స్ దగ్గర దాక్కోవడం కుదరదు.

ఖాయం చేసుకోవాలంటే రికార్డు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క ఆనించి, ఫోన్లో మూడు నిమిషాలు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా ఉంటే 100 రావాలి. మీకు 83 దగ్గర వస్తే మేము చెప్పిందే జబ్బు.

మందు ఏమిటంటే, మోటారు కొసన బెల్టు తగిలే పుల్లీని ఆ మోడల్‌కు తయారైన 50 హెర్ట్జ్ పుల్లీతో మార్చాలి. అది ఐదో వంతు లావుగా ఉంటుంది. లేత్ షాపులో తిప్పించుకుందామనే ఆలోచన వద్దు. వెంట్రుక మందం వంకర ఉన్నా శబ్దం ఊగుతుంది. పుల్లీ దొరక్కపోతే 60 హెర్ట్జ్ ఇచ్చే ఇన్వర్టర్ పెట్టాలి, దానికయ్యే ఖర్చుతో ఇంకో టర్న్‌టేబుల్ వస్తుంది. ఈలోగా ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టడం మాత్రం చెయ్యకండి, మోటారు కాలిపోతుంది. ఇకముందు బావను ఏదైనా అడిగేటప్పుడు, అడాప్టర్ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసున్న డీసీ మోటారు మోడల్ అడగండి. దానికి ఈ తలనొప్పి ఉండదు.

ఇంకో మాట. మీరు పంపిన ఫొటోలో సూది తల మీద రూపాయి బిళ్ళ ఉంది. ఎగరకుండా పెట్టి ఉంటారు. బిళ్ళ తీసెయ్యండి. సూది బిగించి ఉండే చిన్న పెట్టెను కార్ట్రిడ్జ్ అంటారు. నాణ్యమైన మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌లు చాలావరకు రెండు గ్రాముల చుట్టూ బరువు అడుగుతాయి. ఆడియో-టెక్నికా 3600ఎల్ రకం అయితే మూడున్నర. రూపాయి బిళ్ళ ఒక్కటే మూడు గ్రాముల పైమాట. గాడి గోడలు అరిగి, ముందుగా పైస్థాయి శబ్దాలు, అంటే డ్రమ్స్ పక్కన మోగే ఇత్తడి పళ్ళేల (సింబల్స్) మెరుపు పోతుంది. అది తిరిగి రాదు. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న డిజిటల్ తూకంతో సూది బరువు చూసి, సూది చెయ్యి వెనకున్న బరువును తిప్పి సరిచెయ్యండి.

ఒకాయన ‘నెవర్ మైండ్ ది బోలక్స్’ మొట్టమొదటి బ్రిటన్ ముద్రణ అని పెద్ద రేటు చెప్తున్నాడు. నమ్మొచ్చా?
— తిరుపతి

వీటిని ఒక్కొక్కటే అడగండి. రికార్డు పసుపు కవర్లో ఉందా? గులాబీ, ఆకుపచ్చ కవరైతే అమెరికాది. కేటలాగ్ నంబరు వీ 2086 ఉందా? వెనక అట్ట మీద పాటల పేర్లేవీ లేకుండా ఖాళీగా ఉందా? ఎల్పీలో 11 పాటలే ఉన్నాయా? ఆ తొలి కాపీల్లో ‘సబ్‌మిషన్’ ఎల్పీ మీద ఉండదు. స్పాట్స్ 001 నంబరుతో ఒకవైపు మాత్రమే ముద్రించిన ఏడంగుళాల రికార్డుగా లోపల విడిగా వస్తుంది, దాంతోపాటు పోస్టరు. ఎల్పీ, సింగిల్, పోస్టరు మూడూ కలిసి ఉంటేనే ఆ రేటు. సింగిల్, పోస్టరు తర్వాత విడిగా తెచ్చి కలిపేవాళ్ళున్నారు కాబట్టి లేబుళ్ళ దగ్గరి ఫొటోలు అడగండి. లేబుల్‌కూ చివరి పాటకూ మధ్య నున్నటి భాగంలో గీసిన అక్షరాల ఫొటో కూడా తెప్పించుకుని, రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైటులో ఆ ముద్రణ పేజీతో సరిపోల్చండి. చూపించడానికి వెనకాడితే అక్కడితో వదిలెయ్యండి.

వినడానికే అయితే ఈ గొడవంతా అక్కర్లేదు. పన్నెండు పాటల మామూలు కాపీ చాలు.

స్టూజెస్ ‘రా పవర్’ సీడీ పెడితే అంతా బరబరమంటోంది. హెడ్‌ఫోన్లు పోయాయనుకుని కొత్తవి కొన్నాను. అదే బరబర.
— పలమనేరు

హెడ్‌ఫోన్ల డబ్బు పోయింది గానీ మీ తప్పు లేదు. 1973లో ఈ ఆల్బమ్‌ను డేవిడ్ బోవీ మిక్స్ చేశాడు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాయిద్యాల పాళ్ళు కుదిర్చాడు. శబ్దం పలచగా ఉందని చాలామంది తిట్టారు. 1997లో ఆ బ్యాండ్ గాయకుడు ఇగ్గీ పాప్ తానే మళ్ళీ మిక్స్ చేసి, స్థాయి ఎంత పోతే అంత పెంచేశాడు. శబ్ద తరంగాల కొసలు తెగిపోయేంతగా. మీ దగ్గరున్నది అదే. అట్ట వెనక రీమిక్స్ అని ఇగ్గీ పేరు కనిపిస్తుంది. 2010లో వచ్చిన కూర్పులో బోవీ మిక్స్ మళ్ళీ ఇచ్చారు, ముందు అది వినండి. జేమ్స్ విలియమ్సన్ గిటార్ పళ్ళు చూపించేది దానిలోనే. ఇగ్గీది పది నిమిషాలు ఉత్సాహం, ఆ తర్వాత చెవిపోటు.

పాత రికార్డులు ఇంటి బోరు నీళ్ళతో కడిగితే తెల్ల మచ్చలొచ్చాయి. ఎండలకు ఒకటి వంగిపోయింది కూడా. ఏం చెయ్యాలి?
— శ్రీకాళహస్తి

బోరు నీళ్ళలో ఉప్పు శాతం ఎక్కువ. నీరు ఆరాక ఆ ఉప్పే గాడిలో మిగిలి, సూది కింద చిటపటలాడుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. యాసిడ్ కలిపిన సీసా ఇవ్వకుండా లేబుల్ చదివి తీసుకోండి. 750 మిల్లీలీటర్ల నీటికి 250 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపండి. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేచోట అది దొరుకుతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దిక్కుగానే తుడవాలి, అడ్డంగా వద్దు. కాగితపు లేబుల్ తడవకూడదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ నీటితో ఇంకోసారి తుడిచి, నిలబెట్టి నీడలో ఆరబెట్టండి. ఫ్యాన్ కింద పెడితే దుమ్మంతా దానికే. మీ తాతగారి కాలంనాటి 78 ఆర్‌పీఎం రికార్డులకు మాత్రం ఈ మందు తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కు కరుగుతాయి.

వంగిన రికార్డును ఇస్త్రీపెట్టెతో సరిచేసే వీడియోలు చూసి ఉంటారు, ఆ జోలికి పోకండి. పళ్ళెంలా మొత్తంగా కాస్త వంగితే చాలావరకు సూది సర్దుకుపోతుంది, అలాగే వినండి. అంచు దగ్గర అల లేస్తే మొదటి పాట ఎగురుతుంది. పంక్ బ్యాండ్లు తమ మంచి పాటను మొదటే పెడతాయి కాబట్టి ఆ రికార్డు కొన్న ప్రయోజనం దాదాపు పోయినట్టే. ఇకమీదటైనా రికార్డులను నిలువుగా పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. పడమటి గోడకు దూరంగా ఉంచండి. మే నెలలో అలిపిరి దగ్గర కారు ఆపి, మెట్లెక్కి దర్శనం చేసుకుని వచ్చేలోపు వెనక సీటు మీది ఎల్పీ గిన్నె ఆకారానికి వస్తుంది. వానాకాలంలో సమస్య బూజు. లోపలి కాగితపు కవర్లు తీసేసి పాలిథీన్ రకం వెయ్యండి. మెరిసే పీవీసీ కవర్లు రికార్డు మీద మసక పొర వదులుతాయి.

ఆన్‌లైన్లో తెప్పించేటప్పుడు రికార్డును అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక విడిగా పెట్టి, రెండు వైపులా గట్టి కార్డుబోర్డు వేసి పంపమని ముందే రాయండి. లేకపోతే లారీ కుదుపులకు రికార్డు అంచు అట్ట అతుకును చీల్చుకుని బయటికొస్తుంది.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. పుట్టినరోజుకు పంక్ సీడీ అడుగుతోంది. అదంతా తాగుడు, గొడవ అంటున్నారు మా ఆయన. ఆడవాళ్ళు పాడినవి ఏమైనా ఉన్నాయా అండీ?
— తిరుచానూరు

ఉన్నాయమ్మా, చాలా ఉన్నాయి. పైన చెప్పిన ‘జర్మ్‌ఫ్రీ అడాలసెంట్స్’ తీసివ్వండి. అది పాడిన పాలీ స్టైరీన్ ఆ తర్వాత కృష్ణభక్తి ఉద్యమంలో చేరి, లండన్ దగ్గరి ఇస్కాన్ ఆలయం భక్తివేదాంత మేనర్‌లో కొంతకాలం ఉంది. మీ వారికి ఈ ముక్క ముందు చెప్పండి. తాగుడు సంగతికొస్తే, మైనర్ థ్రెట్ పాడిన ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ అనే 46 సెకన్ల పాట పేరుతోనే తాగం, పొగ తాగం, మత్తు ముట్టం అనే కుర్రాళ్ళ వర్గం ఒకటి పుట్టింది. బూతు మాటలు మాత్రం పంక్‌లో చాలాచోట్ల దొర్లుతాయి. అది దాచడం ఎందుకు.

ఆ తర్వాత అమ్మాయి ఇంకా కావాలంటే స్లిట్స్ వాళ్ళ ‘కట్’, 1979. రెగేలో దిట్ట డెన్నిస్ బోవెల్ ప్రొడ్యూస్ చేశాడు. కవర్ ఫొటోలో వాళ్ళు ఒళ్ళంతా బురద పూసుకుని, పైన బట్టలు లేకుండా నిలబడి ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందే తెలిసి ఉండటం మంచిది. ప్యాటీ స్మిత్ ‘హార్సెస్’, 1975, ఈ ఇబ్బందేమీ లేనిది. అందులో పాట కన్నా కవిత్వం పాలే ఎక్కువ.

పాత క్యాసెట్లలో పంక్ కొనడం దండగేనా?
— మదనపల్లె

కాదు. బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బమ్ 1982లో ముందు క్యాసెట్‌గానే వచ్చింది. హార్డ్‌కోర్ వేగంతో చెవులు దిబ్బడేసిన చోట మధ్యలో మెల్లని రెగే పాట వస్తుంది. ఊపిరి తీసుకోమని ఇచ్చిన వ్యవధిలా ఉంటుంది. దాన్ని దాటేసి వినకండి. పాత క్యాసెట్ కొనేముందు కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి పొడి ఉంటే బూజు, క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టొద్దు, మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. ముందు భాగంలో టేపు వెనక చిన్న రాగి పట్టీ మీద స్పాంజి ముక్క ఉందో లేదో చూడండి. జిగురు ఎండి అది రాలిపోతే శబ్దం ముద్దగా, వచ్చీపోతూ వినిపిస్తుంది. స్క్రూలున్న పెట్టె అయితే పనికిరాని భక్తిపాటల క్యాసెట్ ఒకటి విప్పి, దాని స్పాంజి పట్టీ మార్చెయ్యొచ్చు. స్క్రూలు లేకుండా అతికించిన పెట్టె అయితే బ్లేడుతో విప్పాలి, రీళ్ళు కింద పడితే గంట పని. మొదటిసారి వినేముందు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి తిప్పి పెట్టండి.